వాసన చెప్పే బిడ్డ

అమ్మణ్ణీ, ఇవాళ కూడా నీ కంచం కడిగి బోర్లించాను. నువ్వు లేవని నా చేతులకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

చదివేవాళ్లకు ముందుగా ఆ మాట చెప్పాలి. మా అమ్మాయి పోయింది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రిలో చేర్చాం, రక్తం ఎక్కించారు, వాళ్లు చేయగలిగిందంతా చేశారు. పొద్దున ఎండ కిటికీలోకి వచ్చే వేళకు మా ఆయన డాక్టరు గదిలోనుంచి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "ఏమన్నారు?" అని అడిగాను. ఆయన నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంటికి పోదాం పా" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నలుగురి ముందు ఆయన నా చెయ్యి పట్టుకున్నది అదే మొదలు. అందుకే నాకు తెలిసిపోయింది.

మా అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేసేది. తన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, నేను నాలుగు మాటలు చెబితే రాసుకుంటామని తనతో చదివే పిల్లలు వచ్చి అడిగారు. నేను చదివింది ఏడో తరగతి. అయినా నేనే రాస్తానన్నాను. చెబితే మధ్యలో ఏడుపొచ్చి మాట తెగిపోతుంది. రాస్తే ఆగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

మాది తిరుపతిలో చిన్న మెస్సు. యూనివర్సిటీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో కింద బల్లలు, వెనక వంటిల్లు, పైన మా కాపురం. మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది. మధ్యాహ్నం సంగటి, పప్పు, చారు, ఒక వేపుడు. ఆదివారం చేపల పులుసు. చేపలు సూళ్లూరుపేట వైపు నుంచి వస్తాయి. నేను వండుతాను, మా ఆయన వడ్డిస్తాడు. ఆయన మాట తక్కువ మనిషి. ఇంకొంచెం వేయమంటారా అని కూడా అడగడు, గరిటె ఎత్తి చూపిస్తాడు, అంతే.

కరోనా కాలంలో నాకు జ్వరం వచ్చి తగ్గింది గానీ, దాంతో పోయిన వాసన మళ్లీ రాలేదు. చుట్టుపక్కల అందరికీ కొన్నాళ్లకు వచ్చేసింది. నాకు రాలేదు. పోపు మాడితే పొగ కంటికి కనిపించాకే తెలిసేది. పాలు విరిగాయో లేదో పక్కవాళ్లను అడగాలి. నాలుక మీద ఉప్పు, పులుపు, కారం నిలిచాయి. మిగతా రుచంతా ముక్కుదేనని అంతవరకు నాకు తెలియదు. అన్నం ముందు కూర్చుంటే తడి కాగితం నమిలినట్లుండేది. నెమ్మదిగా తినడం మానేశాను. చిక్కిపోయాను. మెస్సు మూసేద్దాం అని మా ఆయనతో అన్నాను. వాసన తెలియని మనిషి పదిమందికి వండటం ఏం న్యాయం?

అప్పటికి మా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. ఒక మధ్యాహ్నం పిల్లలంతా తిని వెళ్లాక, కంచంలో అన్నం కలిపి తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మా, నోరు తెరు."

"వద్దు పాపా. నాకేమీ తెలీదు."

"తెలీదని తెలుసులే. ఎట్లుండాదో నేను చెప్తా, నువ్వు తిను."

ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఏదో పాట గుర్తుచేసుకునేదానిలాగా కొంచెంసేపు కదలకుండా ఉంది.

"ఈ చారు ఎట్లుండాదంటే... వానొస్తాందని మనం మిద్దె మీదికి పరుగెత్తి దుప్పట్లు తీస్తామే, అప్పుడు మొదటి చినుకు సిమెంటు మీద పడతాదే, అట్లుండాది. దానెనకనే మిరియాలు. అవి నాయన కోపం మాదిరి. వస్తాది, అంతలోనే పోతాది."

బల్లలు తుడుస్తున్న ఆయన "నాకేంది కోపం?" అన్నాడు.

"ఇదో, వచ్చేసింది సూడుమా."

నేను నవ్వాను. నవ్వుతూ మింగాను. నిజం చెబుతున్నాను, ఆ ముద్దలో వాన ఉంది.

ఆ రోజు నుంచి అదే మా భోజనం. తను ఇంట్లో ఉంటే ఎదురుగా కూర్చుని చెప్పేది. లేకపోతే మధ్యాహ్నం ఫోను చేసి "ఏం కూర ఈ పొద్దు?" అని అడిగి, అక్కడినుంచే చెప్పేది. ఇంగువ అంటే పాత ఇనప్పెట్టె మూత తెరిచినట్లు. కరివేపాకు అంటే బడి తెరిచిన మొదటి రోజు. మామిడిపండు అయితే ఎక్కువ చెప్పేది కాదు. "మనం చిత్తూరు పోతాంటే మన బస్సు ముందర మామిడికాయల లారీ పోతాంది. నా తల నీ ఒళ్లో ఉండాది. అంతే మా, అదే" అనేది. ఆ బస్సు నాకు గుర్తుంది. ఆ ఎండాకాలం కూడా గుర్తుంది. నోట్లో ఉన్న పండు కళ్లకు అందేది.

"వాసన ముక్కులో ఉండదుమా, తలలో ఉంటాది. ముక్కు ఊరికే తలుపు. నీ తలుపు బిగుసుకుపోయింది, నేను కిటికీలోనుంచి పిలుస్తాండా." ఈ మాట తను చాలాసార్లు అన్నది.

నా కోసమే తను వాసన పసిగట్టే పరికరాల మీద పరిశోధన ఎంచుకుందని మా బంధువులు అంటారు. అలా రాస్తే బాగుంటుందేమో గానీ, అది నిజం కాదు. ఒక సారు దగ్గర తనకు చోటు దొరికింది. ఆ సారు చేసే పని అది. "తగులుకునింది, చేస్తాండా" అనేది తనే. కానీ ఆ పని తనను పట్టుకున్నాక వదల్లేదు.

ఒకరోజు చిన్న సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల నల్లటి నీళ్లు.

"ఏందిది?" అన్నాడు మా ఆయన.

"గొట్టాలు నాయనా."

"యాడుండాయి గొట్టాలు? మసినీళ్లు గదా ఇవి."

"తలవెంట్రుకను నిలువుగా వేలసార్లు చీలిస్తే ఎంతుంటాదో అంత సన్నం. కంటికి కనపడవు. బొగ్గుతో అయిన గొట్టాలు."

"బొగ్గు కోసమా ఇన్నేండ్లు చదివింది? చెప్పుంటే సంగటి కుండ అడుగు గీకి బక్కెట్టుడు ఇచ్చేవాణ్ణి గదా!"

"నువ్విచ్చే బక్కెట్టులో గూడా ఇవి కొన్ని ఉంటాయేమో. ఏరుకునేదే కష్టం" అని తను నవ్వింది. ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

నాకు మాత్రం గళ్ల చాపతో చెప్పింది. మెస్సులో పిల్లలు కూర్చోవడానికి వేసే చాప ఒకటి తీసి నేల మీద పరిచింది. బొగ్గు కూడా ఒక్కటే పొరగా, తేనెతుట్టె గళ్లలాగా అల్లుకుని ఉంటుందట. ఆ పొర చుట్టుకుంటే గొట్టం. చాపను ముందు నేరుగా చుట్టింది. విప్పి, ఏటవాలుగా చుట్టింది.

"అదే చాప, అవే గళ్లు. అంచులు కలిసే తీరు మాత్రం మారిపోయింది సూడు. గొట్టం గుణం అంతా దాన్ని బట్టే. ఒక రకం రాగితీగ మాదిరి. కరెంటు పోతానే ఉంటాది, పక్కన ఎవరొచ్చినా దానికి పట్టదు. ఇంకో రకం ఉండాది. గాలిలోనుంచి ఏదన్నా వచ్చి దాని మీద కూసుంటే చాలు, లోపల పొయ్యే కరెంటు మారిపోతాది. నాకు కావాల్సింది ఆ రకం. రెండూ కలిసే పుడతాయిమా, వాటిని వేరు చెయ్యలేకనే చస్తాండా."

"రాళ్లబియ్యం మాదిరి."

"ఆ, రాళ్లబియ్యం. కాకపోతే చాట పనికిరాదు."

"మీ నాయన ఏ రకం?" అని అడిగాను.

తను గల్లా దగ్గరున్న ఆయన వైపు చూసి గొంతు తగ్గించింది. "రెండో రకమేమా. చూసేదానికి రాగితీగ."

ఆ గొట్టాల గురించి ఇంకో మాట చెప్పేది. వాటికి లోపల దాచుకునే చోటు లేదు, ఉన్నదంతా పైనే, ఒంటి పొర. అందుకే దేన్ని తాకినా వాటికి తెలుస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు తన గొంతు, చంటిపిల్లల గురించి మాట్లాడేటప్పటి గొంతులాగా ఉండేది.

ఆ పనికోసం తను పూలు మానేసింది. మల్లెపూలంటే ప్రాణం దానికి. చిన్నప్పుడు పూలమ్మి కేక వినిపిస్తే తడి తలతోనే బయటికి పరుగెత్తేది. ల్యాబుకు పోయే రోజుల్లో పూలు లేవు, పౌడరు లేదు, వాసన నూనె లేదు. ఆ వాసనలు గొట్టాల మీద కూర్చుంటే లెక్క చెడిపోతుందట. బంధువులు వచ్చినప్పుడు "వయసుపిల్ల తలలో ఒక మూర పూలు లేకుండా ఏందమ్మా అది" అనేవాళ్లు. "ఆదివారం రా అత్తా, అన్నీ కలిపి పెట్టుకుంటా" అనేది. అలాగే పెట్టుకునేది కూడా. ఆదివారం పూట వంటింట్లో నా వెనక నిలబడి, "మా, ఇప్పుడు నీ వెనకాల ఒక తోట ఉండాది" అని చెప్పేది.

ఒకసారి మిద్దె మీద మూత పెట్టిన గిన్నెలో చేపముక్కలు వదిలేసింది. కుళ్లే కొద్దీ వచ్చే గాలిని కొలవాలట. నేను అది తెలియక, దాని పక్కనే చీర పరిచి వడియాలు పెట్టుకుంటూ కూర్చున్నాను. పక్కింటామె ముక్కుకు కొంగు పెట్టుకుని పిట్టగోడ మీదుగా తల ఎత్తింది.

"అక్కా, మీ మిద్దె మీద ఏమో చచ్చిపోయినట్లుండాది!"

"ఏమీ లేదే, వడియాలు పెడతాండా."

"ఆ వడియాలు మాకు మాత్రం పంపించొద్దు తల్లీ!"

సాయంత్రం తను వచ్చి ఈ సంగతి విని నేల మీద కూర్చుని నవ్వింది. తర్వాత పక్కింటికి పోయి, ఆమె చెయ్యి పట్టుకుని సారీ చెప్పి, ఆ చేపల కథంతా చెప్పి వచ్చింది. ఆమె ఇప్పటికీ మా ఇంటి వడియాలు తీసుకోదు.

చివరకు తను చేసింది చీటీ అంత కార్డు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా రాగిగీత, మధ్యలో నల్లటి గీత. ఆ నల్లటిది గొట్టాల సిరా. కార్డును చేపలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా మూత లోపల అంటించాలి. ఫోను దగ్గర పెడితే, ఫోనులోనుంచి కంటికి కనిపించని అలలు వస్తాయట. ఆ రాగిచుట్ట వాటిని పట్టుకుని, ఆ బలంతోనే జవాబు చెబుతుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. చేప బాగుంటే ఫోను "టింగ్" అంటుంది. చెడిపోయి ఉంటే ఆ గాలి నల్లగీత మీద కూర్చుని కార్డు నోరు మూస్తుంది. ఆదివారాలు నేను మూతకు ఫోను పెట్టి, టింగ్ అన్నాకే పొయ్యి వెలిగించేదాన్ని. వానలు పడే రోజుల్లో అది తప్పు చెప్పేది, మంచి చేపకు కూడా పలికేది కాదు. "దానికి జలుబు చేసిందిమా, ఇంకా సరిచెయ్యాల" అని తనే వచ్చి వాసన చూసేది. చేతగానిదాన్ని చేతనయిందని తను ఎప్పుడూ చెప్పలేదు.

ఆయుధపూజ రోజు సంగతి రాయకుండా ఉండలేను. మేము ఆ రోజు గ్రైండరు, కత్తిపీట, గరిటెలు, ఆయన స్కూటరు అన్నిటికీ పసుపు కుంకుమ పెడతాం. తను వచ్చి ఆ వరసలో తన కార్డు కూడా పెట్టింది. "నా ఆయుధం ఇదే గదా, దీనికీ పెట్టుమా" అంది. నేను సాంబ్రాణి వేశాను. వాసన తెలియదు కదా, పడిందో లేదో అని ఇంకొంచెం వేశాను. మళ్లీ ఇంకొంచెం. ఇల్లంతా తెల్లగా అయిపోయింది. ఆ పొగలో తను, ఆయన, దీపం, అంతా మబ్బులో ఉన్నట్లు కనిపించింది.

ఆయన దగ్గుతూ అరిచాడు: "ఏమే, కొండ మీదోళ్లు గూడా కండ్లు తుడుసుకుంటాండారు, సాలు!"

అప్పటికి తనకు గుర్తొచ్చింది. "అయ్యో, నా కార్డు!" అని పరుగెత్తుకొచ్చింది. ఫోను పెట్టింది. పలకలేదు. మర్నాడు కూడా పలకలేదు. సారుకు ఫోను చేసి చెబితే, ఆయన ఎంతసేపు నవ్వాడో నాకు కూడా వినిపించింది. "ఇంత చదివి సెన్సరుకు సాంబ్రాణి పట్టినావా తల్లీ?" అన్నాడు. తను మాత్రం కార్డును పారేయలేదు. దోసెల పెనం దింపాక పొయ్యిగట్టు వెచ్చగా ఉంటుంది కదా, దాని మీద తెల్ల కాగితం పరిచి కార్డు పెట్టింది. "మీద కూసున్నదంతా ఊరికే పోదుమా. కొంచెం వెచ్చగా ఉంటే దానంతట అది వదిలిపెడతాది" అంది. సాయంత్రానికి టింగ్ అంది. మేం ముగ్గురం వంటింట్లో చప్పట్లు కొట్టాం.

నాకు కలల్లో వాసన వస్తుంది. ఇది డాక్టరుకు కూడా చెప్పలేదు, తనకు మాత్రం చెప్పాను. నిద్రలో కాఫీ కాగుతుంది, తడిమట్టి వస్తుంది, మా పుట్టింట్లో వేరుశనక్కాయలు ఉడుకుతాయి. మెలకువ రాగానే అంతా అద్దం వెనక్కి పోతుంది. "అయితే నిద్రపొయ్యేటప్పుడు నన్ను గూడా పిలువుమా, ఇద్దరం పోయి తిందాం" అనేది తను.

ఇప్పుడు తను రోజూ వస్తుంది కలలోకి. కానీ ఎప్పుడూ దూరంగా, మిద్దె మీద, దుప్పట్ల అవతల ఉంటుంది. నేను దుప్పట్లు ఒక్కొక్కటే తొలగిస్తూ పోతాను. ఎండ ఉంటుంది, సబ్బు వాసన ఉంటుంది, తడిగుడ్డ మొహానికి తగులుతుంది. తన వాసన మాత్రం రాదు. నేను తనను చేరకముందే తెల్లారిపోతుంది.

తనను ఇంటికి తెచ్చిన రోజు ఎవరో తల నిండా మల్లెపూలు పెట్టారు. నేను చెయ్యి ఎత్తి వద్దనబోయాను. ల్యాబు ఉందేమో అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక మా ఆడబిడ్డ గది సర్దుతూ, తలుపు వెనక కొక్కేనికి ఉన్న చున్నీ తీసింది. ఆకుపచ్చది, ల్యాబుకు వేసుకుపోయేది. మొహానికి పెట్టుకుని భోరుమంది. "వదినా, ఇంకా పాప వాసన పోలేదు వదినా" అంది. నేను లాక్కుని మొహానికి అదుముకున్నాను. గుడ్డ తగిలింది. అంతే. ఊపిరి ఎంత లోపలికి లాగినా గుడ్డే. బిడ్డ వాసన నా చేతుల్లో ఉంది, ఊరంతటికీ అందుతుంది, కన్నదానికి అందదు.

చున్నీ ఉతకనివ్వలేదు. స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను. వాసన అంటే గాలిలోకి ఎగిరిపోయేదేనని తనే చెప్పింది కదా. మూత తీసిన ప్రతిసారీ కొంచెం పోతుంది. తీయకపోయినా ఒకనాటికి పోతుంది. నాకు చేరకుండానే పోతుంది. ఆ భయం ఒక్కటే ఉండేది నాకు పగలంతా. మెస్సు మూతపడింది. మా ఆయన ఏదో వండి కంచం ముందు పెట్టేవాడు. ముద్ద నోటి దాకా వచ్చేది, ఎట్లుండాదో చెప్పే మనిషి లేదని గుర్తొచ్చేది, చెయ్యి దిగిపోయేది.

ఒకరోజు ఆ సారు వచ్చాడు. తన సామాన్లు కొన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ కార్డులు కూడా ఉన్నాయి. తనతో చదివే పిల్లలు ఆ పని వదలకుండా చేస్తున్నారని, వానకు తప్పు చెప్పే సంగతి మీద కూర్చున్నారని చెప్పాడు. నేను వింటూ ఉన్నాను గానీ, నా కళ్లు ఆ నల్లగీత మీదే ఉన్నాయి. లోపలికి పోయి డబ్బా తెచ్చాను.

"సారూ, ఒక మాట అడుగుతా, నవ్వొద్దు. దీంట్లో మా పాప చున్నీ ఉండాది. ఈ కార్డు దీంట్లో పెడితే, మా పాప వాసన ఇదీ అని చెప్తాదా? నాకు తెలిసేటట్లు ఏదో ఒకటి, ఆ ఫోనులో అన్నా."

సారు నవ్వలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"చెప్పదమ్మా" అన్నాడు. "చెప్తాదని అబద్ధం చెప్పలేను, మీ పాప ఒప్పుకోదు. చెడిపొయ్యేటప్పుడు వచ్చే గాలి ఒక్కటే దీనికి నేర్పినాము. ఏదో వచ్చి కూసునిందని మాత్రం చెప్తాది. ఎవరు వచ్చినారో చెప్పలేదు. ఒక మనిషి వాసన అంటే వంద కలిస్తే అయ్యేది. అంత చదువు దీనికి ఇంకా రాలేదమ్మా."

నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. ఇంక ఏమీ మిగల్లేదు అనిపించింది.

మా ఆయన అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వచ్చి నా ముందు నేల మీద కూర్చున్నాడు. డబ్బా తీసుకుని మూత తీశాడు. నేను "తియ్యొద్దు, పోతాది" అన్నాను.

"పోనీలే" అన్నాడు. చున్నీ మొహానికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆయన ఎప్పుడూ అలా కళ్లు మూసుకోగా నేను చూడలేదు. సన్నిధిలో కూడా తెరుచుకునే ఉంటాడు.

"సబ్బు" అన్నాడు. ఆగాడు. "సబ్బు ఉండాది. దానికింద స్పిరిట్టు మాదిరి ఏందో, ఆ ల్యాబుది అనుకుంటా. కొంచెం చెమట." మళ్లీ ఆగాడు. "నేను చెప్పలేనే, దాని మాదిరి నాకు రాదు."

"చెప్పు" అన్నాను.

"చిన్నప్పుడు బడినుంచి ఎండలో నడిసొచ్చి, స్కూటరు ముందర నిలబడేది సూడు. నేను తోల్తాంటే దాని నెత్తి నా గడ్డం కింద ఉండేది. వేడిగా. కొబ్బరినూనె, దుమ్ము, ఎండ... ఎండకు గూడా వాసన ఉంటాదే. అది. అదే ఉండాది. పెద్దదయినా అదే ఉండాది."

నాకు తెలిసింది. వాసన వచ్చిందని నేను చెప్పను, రాలేదు. తెలిసింది. ఆ నెత్తి నా గడ్డం కింద కూడా ఉండేది కదా. వేడి, దుమ్ము, ఎండ. నా బిడ్డ నా దగ్గరకు నడిచి వచ్చి నిలబడింది. సారు లేచి బయట వాకిట్లోకి పోయాడు. మేమిద్దరం ఆ చున్నీ మధ్యలో పెట్టుకుని ఏడ్చాం. ఆసుపత్రి నుంచి వచ్చాక కలిసి ఏడ్చింది అప్పుడే.

సారును తినకుండా పంపలేదు. నేనే లేచి పొయ్యి వెలిగించాను. చింతాకు పప్పు, చారు. ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఉప్పు, పులుపు సరిచూసుకున్నాను, మిగతాది చేతిని నమ్మాను. ఆయన ముగ్గురికీ వడ్డించి తనూ కూర్చున్నాడు. నేను ముద్ద కలిపి అలాగే పట్టుకుని ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. పప్పు వాసన చూశాడు.

"పప్పు... పప్పు మాదిరి ఉండాది" అన్నాడు.

సారుకు పొలమారింది. నాకు నవ్వొచ్చింది, ఎన్నాళ్లకో. "అదా చెప్పేది? సరిగ్గా చెప్పు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సారు ముందర సిగ్గు. తల వంచుకుని, కంచంలోకి చూస్తూ చెప్పాడు.

"పెండ్లయిన కొత్తలో మీ ఊరికొచ్చినా. ఎవురూ పలకరించలేదు, మీ దొడ్లో చింతచెట్టు కింద నిలబడుకోనుంటి. నువ్వు చెంబుతో నీళ్లు తెచ్చినావు. ఆ చెట్టు కింద ఎట్లుండె, ఇది అట్లుండాది."

ఆ మాట ఆయన నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నేను తిన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

ఇప్పుడు మెస్సు తెరిచాం. పిల్లలు వస్తున్నారు. మధ్యాహ్నం అందరూ వెళ్లాక మేమిద్దరం కూర్చుంటాం. ఆయన రోజూ ఏదో ఒకటి చెబుతాడు. కొన్నిసార్లు ఏమీ తోచదు, "వేడిగా ఉండాది" అంటాడు, అదీ తింటాను. చేపల రోజు మాత్రం కష్టంగా ఉంటుంది ఇద్దరికీ. అయినా వండుతున్నాను.

బిడ్డ గురించి రాయమంటే తిండి గురించి రాశానని మీరు అనుకోవచ్చు. నాకు తెలిసిన బిడ్డ అదే. దాని పెద్ద చదువు గురించి సారు రాస్తాడు, మిగతా పిల్లలు రాస్తారు.

ఇది మీరు చదివే వేళకు మీ ఇంట్లో పొయ్యి మీద ఏదో ఉడుకుతూ ఉంటుంది. అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరి పైకి లేచి, కాసేపు గాలిలో నిలబడి, ఎటో పోతుంది. ఫోను పక్కన పెట్టండి. ఇంట్లోవాళ్లను పిలవండి. వేళ దాటనివ్వకండి. కడుపునిండా, బాగా తినండి.